ఒంటిపూట భోజనం

రోజుకు ఒక్కసారే, సాధారణంగా గంటలోపు తిని, మిగతా ఇరవై మూడు గంటలూ మంచినీళ్లు, పాలూ చక్కెరా లేని టీ కాఫీలతో సరిపెట్టుకునే ఆహార పద్ధతి ఒంటిపూట భోజనం. ఎనిమిది గంటల వ్యవధిలోనే తినే 16:8 పద్ధతి, వారంలో రెండు రోజులు బాగా తక్కువ తినే 5:2 పద్ధతి కన్నా ఇది కఠినమైనది. ఒక్కపూట తినడం మనకు కొత్త కాదు. కార్తీకమాసంలో పగలంతా ఉపవాసముండి చుక్కలు కనబడ్డాక తినే నక్తం, జైనుల ఏకాశనం ఈ కోవలోవే. అయితే వ్రతానికి ఒక గడువుంటుంది. ఒళ్లు తగ్గించుకోవడం దాని ఉద్దేశం కాదు. బరువు తగ్గడం కోసం నెలల తరబడి ఒంటిపూట తినడం ఇటీవలి ధోరణి. దీనిపై ఇంతవరకు జరిగిన పరీక్షలను కలిపి చూస్తే తేలేది ఇది: బరువు తగ్గేది రోజు మొత్తం మీద తిండి తగ్గినందువల్ల. పూటలు తగ్గించుకోవడం అందుకు ఒక దారి మాత్రమే, అదీ ఇబ్బందులు ఎక్కువున్న దారి.

తిన్నాక కొన్ని గంటలపాటు రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటుంది. శరీరం ఆహారంలోని చక్కెరను వాడుకుని, మిగిలినది దాచుకుంటుంది. కాలేయంలో గ్లైకోజెన్‌గా ఉండే నిల్వ సుమారు 100 గ్రాములు. తిండి లేకుండా పన్నెండు గంటలు దాటేకొద్దీ ఆ నిల్వ తరిగిపోతూ కొవ్వు వాడకం పెరుగుతుంది, కీటోన్లు తయారవుతాయి. ఒంటిపూట భోజనాన్ని సమర్థించేవారు ముందుగా చూపేది ఈ మార్పునే. మార్పు నిజమే కానీ, పగలు కరిగిన కొవ్వును రాత్రి కంచం నిండా తిన్న అన్నం తిరిగి నింపగలదు. చివరికి మిగిలే తేడాయే బరువులో కనిపిస్తుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఊబకాయమున్న 139 మందిపై ఏడాదిపాటు జరిపి 2022లో ప్రచురించిన పరీక్ష ఒంటిపూటది కాకపోయినా, గంటల నియమం విలువ ఎంతో చూపింది. రెండు జట్లకూ కేలరీలు ఒకేలా తగ్గించి, ఒక జట్టును మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. ఆ జట్టు సగటున 8 కిలోలు, రెండో జట్టు 6.3 కిలోలు తగ్గాయి. గణాంకాల ప్రకారం అది లెక్కలోకి తీసుకోదగిన తేడా కాదు.

ఒంటిపూట భోజనాన్నే నేరుగా పరీక్షించిన అధ్యయనాలు కొద్ది, అవీ చిన్నవి. బాగా తెలిసినది అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2007లో ప్రచురించినది. సాధారణ బరువున్న నడివయసువారు ఎనిమిది వారాలు మూడు పూటలా తిన్నారు, మరో ఎనిమిది వారాలు అన్ని కేలరీలనూ సాయంత్రం ఒక్కపూటలోనే తీసుకున్నారు. చివరిదాకా ఉన్నవారు 15 మంది. బరువు మారకుండా తిండి పెట్టినా ఒంటిపూట వారాల్లో కిలోన్నర దాకా తక్కువ తూగారు, కొవ్వూ కొంత తగ్గింది. మరోవైపు రక్తపోటు, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్, పరగడుపు చక్కెర పెరిగాయి. మేలుచేసే హెచ్‌డీఎల్ కూడా పెరిగింది. ఆకలి అలవాటైపోతుందన్న మాటకు భిన్నంగా, వారాలు గడిచేకొద్దీ ఆకలి ఎక్కువైంది. పదిహేను మందిని చూసి తీర్పు చెప్పలేం కానీ, ఒంటిపూటతో అన్ని కొలతలూ మెరుగవుతాయన్న ప్రచారాన్ని ఈ ఫలితం నిలబడనివ్వదు.

అసలు చిక్కు కంచం దగ్గర బయటపడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఒకే పూటలో 150 గ్రాముల బియ్యం వండిన అన్నం, 50 గ్రాముల కందిపప్పు, రెండు గుడ్లు, పావుకిలోకి కాస్త తక్కువగా పెరుగు తిన్నారనుకుందాం. ఇంతా కలిపి ప్రొటీన్ నలభై గ్రాములు కాస్త దాటుతుందంతే. కూర, నూనెలతో కలిపి కేలరీలు 1,300 దగ్గర ఆగుతాయి. ఇంతకన్నా ఎక్కువ ఒక్కసారిగా తినడం చాలామందికి కష్టం. తినగలిగినా భుక్తాయాసం, గుండెల్లో మంట రావచ్చు. గుడ్డు, పెరుగు లేకుండా అన్నం, పచ్చడి, చారుతో ముగిస్తే లోటు ఇంకా పెరుగుతుంది. అప్పుడు తగ్గే బరువులో కండ కూడా ఉంటుంది. చూడ్డానికి సన్నగా ఉన్నా కండ తక్కువ, పొట్ట కొవ్వు ఎక్కువగా ఉండే శరీరతత్వం భారతీయుల్లో సాధారణం కనుక ఈ నష్టం మనకు మరింత బరువైనది.

దీనికి ఎదురువాదాలు లేకపోలేదు. ఉపవాసంలో కణాలు తమ చెత్తను తామే శుభ్రం చేసుకునే ఆటోఫేజీకి 2016లో నోబెల్ వచ్చిందంటారు. ఆ బహుమతి జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి ఈస్ట్ కణాల్లో ఆ ప్రక్రియ ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకు. ఒంటిపూట తినే మనుషుల ఆయుష్షు గురించి ఆయన తేల్చిందేమీ లేదు. మన పెద్దలు ఒక్కపూటే తినేవారని మరో మాట. కానీ పొలం పనికి వెళ్లేవారు పొద్దున్నే చద్దన్నం తినో అంబలి తాగో వెళ్లడం, రాత్రికి వేడి అన్నం తినడం మన పల్లెల్లో చిరకాలపు అలవాటు. మూడో వాదంలో మాత్రం బలముంది: కేలరీలు లెక్కపెట్టే పని లేదు, చిరుతిళ్లు వాటంతటవే మానుకుంటారు, నియమం గుర్తుంచుకోవడం సులువు. కొందరికి ఇది పనిచేసేది ఇందుకే. కానీ అదే సౌలభ్యం టిఫిన్లు, బజ్జీలు, తీపి టీలు మానేసి, రాత్రి భోజనం పెందలాడే ముగించినా దొరుకుతుంది.

కొందరి విషయంలో ఒంటిపూట భోజనం ప్రమాదమే. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడేవారు పూటలు మానేస్తే చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. గర్భిణులు, బాలింతలు, పిల్లలు, బక్కపలచని వృద్ధులు, తిండి విషయంలో మానసిక సమస్యలున్నవారు దీని జోలికి పోకూడదు. ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉండటం, త్వరగా బరువు తగ్గడం పిత్తాశయంలో రాళ్లకు దారితీయవచ్చు. ఆరోగ్యవంతులు కొద్దిరోజులు ప్రయత్నిస్తే పెద్ద హాని ఉండకపోవచ్చు; ఏళ్ల తరబడి పాటించడానికి మాత్రం తగిన రుజువు లేదు. బరువు తగ్గాలనుకునేవారు ముందు అన్నం తగ్గించి, పప్పు, కూర, పెరుగు పెంచి రెండు మూడు పూటలా తినడం మేలు. మందులు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా ఒక్క పూట కూడా మానకూడదు.