రూపచిత్రములు - దిద్దుబాటు చరిత్ర

వివాహసంబంధమునకై తీయించిన కన్యక ఛాయాచిత్రమును నేడు కంప్యూటరులో దిద్దింపక బయటికిచ్చువారు అరుదు. మొటిమ మాయమగును, కంటిక్రింది నలుపు తొలగును, మేనిచాయ ఒకటి రెండు మెట్లు తెలుపెక్కును. ఇది యీ కాలపు వింతయని పెద్దలు నిట్టూర్చుట కలదు. కాని చరిత్రను పరిశీలించినచో దిద్దుబాటు ఛాయాచిత్రకళతో పాటే పుట్టి పెరిగినదని తెలియును. సాధనమును దాని వేగమును మారినవి. ఏది దిద్దవచ్చును, ఏది దిద్దరాదు అను ప్రశ్న మాత్రము నూటయేబది యేండ్లకు పైగా నిలిచియున్నది.

1839లో ఫ్రెంచి దేశీయుడగు డాగెర్ పద్ధతి లోకమునకు వెల్లడియైనపుడు, వెండిపూత గల రాగిరేకుపైననే రూపము ఏర్పడెడిది. దానికి నెగెటివు లేదు. కుంచెతో రంగుపొడిని మెల్లగా అద్దుట తప్ప దానిని దిద్దుటకు వేరు మార్గము లేకుండెను. 1851లో ఆంగ్లేయుడైన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలకపై కొలోడియను అను జిగురు ద్రవమును పూసి నెగెటివు తీయు విధానమును ప్రకటించెను. ఒక పలకనుండి ఎన్ని ప్రతులనైనను అచ్చువేయవచ్చును గనుక రూపచిత్రములు సామాన్య కుటుంబములకు సైతము అందుబాటులోనికి వచ్చెను.

ఆ పలకకు ఒక పెద్ద లోపము కలదు. అది నీలివెలుగునే చక్కగా గ్రహించును; ఎరుపు, పసుపు వన్నెలను దాదాపు గ్రహింపజాలదు. అందుచే ఎఱ్ఱని బుగ్గలు, గోధుమరంగు మచ్చలు, మొటిమలు ఉన్నదానికన్న నల్లగా అచ్చుపడెడివి. చామనచాయ ముఖములు మసిబారినట్లు కనబడెడివి. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ వోగెల్, కొన్ని రంగుద్రవ్యములను కలిపినచో పలకకు ఇతర వర్ణముల వెలుగును గ్రహించు శక్తి కలుగునని కనుగొనెను. ఎరుపును సైతము గ్రహించు పలకలు అంగళ్ళకు వచ్చుటకు 1906 వరకు వేచియుండవలసి వచ్చెను. కావున తొలినాటి దిద్దుబాటునంతయు మోసమని కొట్టివేయుట న్యాయము కాదు. పలక చెప్పిన అబద్ధమును మనుష్యుని చేయి సవరించిన సందర్భములు అందు పెక్కులు గలవు.

మ్యూనిక్ నగరవాసియగు ఫ్రాంజ్ హాన్ఫ్‌ష్టెంగ్ల్ 1855 నాటి పారిసు ప్రదర్శనశాలలో, దిద్దకమునుపటి ప్రతిని, దిద్దిన ప్రతిని ప్రక్కప్రక్కన నుంచి చూపెనని ఛాయాచిత్రకళా చరిత్రకారులు వ్రాసియున్నారు. అటుపిమ్మట ఈ పని ఒక ప్రత్యేక వృత్తిగా స్థిరపడెను. మన స్టూడియోలలో దీనిని టచింగు అని వ్యవహరించిరి. నెగెటివునందు వెలుగు చీకటిగను, చీకటి వెలుగుగను ఉండును. ముఖముపైని ముడుత నెగెటివున తేటయైన గీతగా కనబడును. ఆ గీతను పెన్సిలుమొనతో నింపినచో ప్రతిలో ముడుత తేలికపడును. పెన్సిలు పట్టుటకై ముందుగా పలకపై పలుచని వార్నిషు రుద్దవలెను. పనివాడు ఏటవాలు చట్రమున నెగెటివునుంచి, క్రిందనున్న అద్దముచే వెలుగును పైకి మరలించి, చుక్కచుక్కగా పని సాగించును. నలుపు పెంచవలసినచోట కత్తిమొనతో పొరను గీకివేయును. ఒక్క ముఖమునకే గంటలు పట్టెడివి. చేయి కొంచెము తప్పినచో నెగెటివే చెడును. ఈ శ్రమయు ఈ భయమును కలిసి ఆనాటి పనివానికి సహజముగనే ఒక హద్దును నేర్పెను.

మన దేశమున ఈ విద్యకు మఱియొక వేరు కలదు. విజయనగర పతనానంతరము రాయలసీమనుండి దక్షిణమునకు తరలి, నాయకరాజుల యాశ్రయమున తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతములలో రాజులనియు, మదురలో నాయుళ్ళనియు పేరువడసిన చిత్రకారులు తెలుగువారేయని ప్రసిద్ధి. తంజావూరు పటమున ముఖము శాస్త్రలక్షణము ననుసరించి యుండును: గుండ్రని చెక్కిళ్ళు, విశాలనేత్రములు, మచ్చలేని మేను. ఇట్టి చిత్రములకు అలవాటుపడిన కంటికి, ఉన్నది ఉన్నట్లు చూపు కెమేరా కఠినముగ తోచుటలో ఆశ్చర్యమేమున్నది? అందుచేతనే 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మన దేశపు ఛాయాచిత్రములపై చిత్రకారులు రంగులు వేయు సంప్రదాయము ప్రబలెను. ఉదయపురము, నాథద్వారము మొదలగు చోట్ల ఆభరణములు, వస్త్రములే గాక వెనుకనున్న తెరలను సైతము కుంచె క్రొత్తగా సృష్టించెను. క్రిందనున్నది ఛాయాచిత్రమని పోల్చుకొనలేని పటములును గలవు.

తెలుగునాట ఈ కళకు తలమానికమైన పేరు రాజా దీన్‌దయాళ్‌ది. 1844లో ఉత్తర హిందూస్థానమునందలి సర్ధానాలో జన్మించి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పెను. 1892లో ఆయన హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగ జనానా స్టూడియోను తెఱచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనిత కప్పగించెను. పరపురుషుని యెదుటికి రాని స్త్రీల ముఖములు అట్లు కాలమునకు చిక్కినవి. ఆయన 1905లో కీర్తిశేషుడయ్యెను.

దిద్దుబాటును ఎదిరించినవారును లేకపోలేదు. 1815లో కలకత్తాలో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ నలుబది యెనిమిదవ యేట కెమేరాను చేపట్టి, నెగెటివులను పెన్సిలుతో నునుపుచేయుట నొల్లక, గీతలతో మరకలతో సహా ప్రతులను వెలువరించెను. నునుపుదనము కొఱవడిన ఆ ముఖములే నేటికిని జీవకళతో నిలిచియున్నవి. ఇందుకు భిన్నముగ అమెరికా సినిమారంగము నునుపునకే పట్టముగట్టెను. 1930లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థలో చేరిన జార్జి హ్యూరెల్ తీసిన జోన్ క్రాఫర్డ్ చిత్రములలో, ఆమె ముఖమంతట గల గోధుమరంగు చుక్కలను టచింగు పనివారు తుడిచివేసిరి. నెగెటివుపై నడచిన పెన్సిలు అటుపిమ్మట లక్షలాది స్త్రీలకు అందపు కొలబద్ద యయ్యెను.

ఇక కంప్యూటరు యుగము. 1987లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ నోల్ మొదలిడి, సోదరుడు జాన్ నోల్‌తో కలిసి పెంపొందించిన ఫోటోషాప్‌ను అడోబీ సంస్థ 1990 ఫిబ్రవరిలో విడుదల చేసెను. అందలి పనిముట్ల పేర్లు చీకటిగదినుండియే వచ్చినవి. కాగితముపై పడు వెలుగును అట్టముక్కతో అడ్డగించి ఒక భాగమును తేలికపరచుటను డాడ్జి యనియు, ఎక్కువ వెలుగు నిచ్చి నల్లపరచుటను బర్న్ అనియు ఆ పనివారు పిలిచెడివారు. ఆ పేర్లే తెరపైకి ఎక్కెను. 1994లో పొరలుగా పని చేయు వసతియు, 2002లో చుట్టుప్రక్కల చర్మపు తీరును తెచ్చి మచ్చను పూడ్చు కుంచెయు చేరెను. నేర్పుగల పనివాడు చర్మపు సన్నని గరుకును ఒక పొరయందును, వెలుగునీడలను వేరొక పొరయందును విడదీసి దిద్దును. అందుచే రంగు సమమగును, రోమకూపములు నిలుచును. ముఖము మైనపుబొమ్మ కాదు. మూలచిత్రము అడుగుపొరలో చెక్కుచెదరకుండును.

చేతిఫోను వచ్చిన పిదప ఈ నేర్పుతో పనిలేకపోయెను. తీయుచుండగనే ముఖమును తెలుపుచేయు ఏర్పాటులున్నవి. శ్రమ తొలగుటతో శ్రమ నేర్పిన హద్దును తొలగెను. దీనికి కొన్ని దేశములు చట్టము చేసినవి. ఫ్రాన్సులో 2017 అక్టోబరు 1 నుండి, ప్రకటనలలో మోడళ్ళ శరీరాకృతిని మార్చినచో దిద్దిన చిత్రమని ముద్రింపవలెను. నార్వేలో 2022 జూలైనుండి దేహాకృతితోపాటు చర్మపు మార్పులకును ఇట్టి నియమము వచ్చెను. మన దేశమున ఈ సమస్యకు మూలము మేనిచాయ. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ అను లేపనము తన పేరునుండి తెలుపును సూచించు మాటను తొలగించుకొనెను. పేరు మారినను పెండ్లిచిత్రములలో తెలుపు తగ్గలేదు. నల్లని పిల్లను తెల్లగ దిద్దినవాడు, ఆమె యున్నది ఉన్నట్లు చాలదని ఆమెతోనే చెప్పుచున్నాడు. పెండ్లివారు వచ్చి చూచిన నాడు ఆ మాట రెండవమారు చెప్పబడును. ఒకనాడు పలక చామనచాయను మసిచేసెను. నేడు మనమే దానిని సున్నపుతెలుపు చేయుచున్నాము. రెండింటను ముఖమునకు అన్యాయమే జరిగినది.

ఈ విషయము మనవంటి కుటుంబములకు మఱింత ముఖ్యము. హోసూరు, మదుర, బళ్ళారి, బరంపురము, షోలాపురము, యానాము - ఎచ్చట నున్నను మన యిండ్లలో పాత పటములు వ్రేలాడుచున్నవి. తెలుగులిపి చదువలేని మనుమడు సైతము ముత్తవ ముఖమును చదువగలడు. ఆమె గడ్డముపైని పుట్టుమచ్చ తన చెల్లెలికిని గలదని గుర్తింపగలడు. ఆ పటమును బాగుచేయుటకు ఇచ్చినపుడు, గాజుపై బూజును, కాగితపు చీలికను, తేమ మరకను తొలగించుట ధర్మము. మశూచి గుంటను, ముడుతను, మేనిచాయను తొలగించుట వంశచరిత్రలో ఒక పుటను చించివేయుటయే. వచ్చిపోవు మొటిమను తీయవచ్చును. మనిషితో పాటు బ్రదికిన గుర్తును తీయరాదు.

కావున పాత పటమును దిద్దింపదలచినవారు ముందుగా దానిని ఉన్నది ఉన్నట్లు నకలు తీయించి వేరుగ భద్రపరుపవలెను. దిద్దుబాటు నకలుపైననే జరుగవలెను. అసలు పటము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము తెలుగునను, మనమున్న రాష్ట్రపు భాషలోను వ్రాసియుంచవలెను. పెండ్లికై తీయించు చిత్రములందును ఇదియే నియమము: వెలుగును దిద్దుడు, మనిషిని దిద్దకుడు. నేడు తీసిన పటమే రేపు మన మనుమల గోడపై వ్రేలాడవలసియున్నది.