ఒకే వేదిక, రెండు నీతులు



"ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా, చిరిగేది ఆకే" అన్న సామెత వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరూ ఉండరు. అమ్మ చెబుతుంది, అమ్మమ్మ చెబుతుంది, పక్కింటి పిన్నిగారు కూడా చెబుతారు. ఈ సామెత మన పల్లెటూళ్ళలో పుట్టి ఉండవచ్చు గానీ, దీనికి సాక్ష్యం కావాలంటే అమెరికా దాకా వెళ్ళవచ్చు. సెకనులో సగానికి కాస్త ఎక్కువ సేపు టెలివిజన్‌లో కనిపించిన ఒక దృశ్యం గురించి ఆ దేశంలో ఎనిమిదేళ్ళు వ్యాజ్యం నడిచింది. ఆ వ్యాజ్యంలో ఎవరు గెలిచారు, అసలు శిక్ష ఎవరికి పడింది అన్నదే ఈనాటి ప్రసంగం.

ముందు కాస్త వెనక్కి వెళదాం. అమెరికా టెలివిజన్‌కి మొదటినుంచీ మడి ఎక్కువే. 1952లో సీబీఎస్ సంస్థ 'ఐ లవ్ లూసీ' అనే హాస్య ధారావాహిక ప్రసారం చేస్తుండేది. అందులో నాయిక లూసిల్ బాల్ నిజంగానే గర్భవతి అయింది. కథలో భర్తగా వేసినతను నిజజీవితంలోనూ ఆమె భర్తే. సరే, కథలోనూ అలాగే చూపిద్దామన్నారు. కానీ 'ప్రెగ్నెంట్' అనే మాట తెరమీద పలకకూడదని సంస్థ ఆంక్ష పెట్టింది. ఒక కేథలిక్ ఫాదరు, ఒక ప్రొటెస్టెంటు పాస్టరు, ఒక యూదు రబ్బీ, ముగ్గురూ ఆ ఘట్టాలు చదివి పరవాలేదన్న తర్వాతే చిత్రీకరణ! మన ఇళ్ళలో "కోడలు నీళ్ళోసుకుంది" అని నలుగురికీ సంతోషంగా చెప్పుకునే కబురు అది. దానికి ముగ్గురు మతపెద్దల అనుమతి కావలసి వచ్చింది. 1953 జనవరి 19న బిడ్డ పుట్టిన భాగం ప్రసారమైతే దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. ఎవరి సంసారమూ చెడిపోలేదు.

మగవాళ్ళ మీద ఆంక్షలు లేవా అంటే, ఉన్నాయి. 1957 జనవరి 6న ఎడ్ సల్లివాన్ కార్యక్రమంలో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీని నడుము పైనుంచి మాత్రమే చూపించారు. అతను నడుము ఊపే తీరు అసభ్యమని అప్పటికే దేశమంతా గగ్గోలు. అయితే కార్యక్రమం చివర సల్లివాన్ స్వయంగా, ఇతను చాలా మర్యాదస్తుడైన అబ్బాయి అని ప్రేక్షకులకు చెప్పి పంపాడు. కెమెరా నడుము దగ్గర ఆగింది గానీ అతని పేరుకి మాత్రం మచ్చ పడలేదు. ఈ తేడాని గుర్తుంచుకోండి.

నగ్నత్వం అనగానే అంతా ఒకటే కాదని తెలియజెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. 1997 ఫిబ్రవరి 23న ఎన్‌బీసీ సంస్థ 'షిండ్లర్స్ లిస్ట్' చిత్రాన్ని ప్రసారం చేసింది. నాజీల నిర్బంధ శిబిరాల్లో యూదుల బట్టలు ఊడదీయించి, మందలుగా పరుగెత్తించి, పనికొచ్చేవాళ్ళనూ చావవలసినవాళ్ళనూ ఏరే దృశ్యాలు అందులో ఉన్నాయి. వాటిని కత్తిరించకుండా వేశారు. అప్పుడు ఓక్లహోమాకు చెందిన టామ్ కోబర్న్ అనే ప్రజాప్రతినిధి, ఈ ప్రసారం టెలివిజన్‌ని అధమ స్థాయికి దిగజార్చిందని విమర్శించారు. ఆయన పార్టీవాళ్ళే ఆయన్ను తప్పు పట్టారు. ఆయన క్షమాపణ చెప్పుకున్నారు. ఒంటిమీద బట్ట లేకపోవడం వేరు, మనిషిని అవమానించడానికి బట్ట లాగెయ్యడం వేరు. ఆ దృశ్యంలో సిగ్గుపడవలసింది బట్టలు లేనివాళ్ళు కాదు, లాగినవాళ్ళు. ఇంత స్పష్టంగా కనిపించిన విషయం, ఏడేళ్ళు తిరిగేసరికి అదే దేశానికి ఎందుకు కనిపించలేదో ఇప్పుడు చూద్దాం.

అమెరికన్లకు సూపర్‌బౌల్ అంటే పండగ లాంటిది. వాళ్ళ ఫుట్‌బాల్‌కి అది ఏడాదికొకసారి జరిగే ఆఖరి పోటీ. పిల్లాపాపలతో, చుట్టాలతో టీవీ ముందు చేరి, తింటూ చూస్తారు. ఆట మధ్యలో విరామం వస్తే పెద్ద పెద్ద గాయకులు పాడతారు. 2004 ఫిబ్రవరి 1, ఆదివారం, టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో ఈ పోటీ జరిగింది. ప్రసారం సీబీఎస్‌ది. విరామ కార్యక్రమం ఏర్పాటు ఎంటీవీది. రెండు సంస్థలకీ యజమాని అప్పట్లో వయాకామ్ కంపెనీయే. చూసినవారు సుమారు 9 కోట్ల మంది.

పాడినవారిలో ముఖ్యురాలు జానెట్ జాక్సన్. మైకేల్ జాక్సన్ చెల్లెలు. నల్లజాతి స్త్రీ, అప్పటికి 37 ఏళ్ళు, ఇరవై ఏళ్ళుగా పేరున్న గాయని. చివరి పాటలో ఆమెతో కలిసింది జస్టిన్ టింబర్‌లేక్, 23 ఏళ్ళ తెల్లజాతి యువకుడు. పాట ముగుస్తుండగా అతను చెయ్యి చాచి ఆమె దుస్తుల్లో కుడివైపు భాగాన్ని లాగాడు. అది ఊడివచ్చింది. రొమ్ము కనిపించింది. కెమెరా వెంటనే దూరంగా వెళ్ళిపోయింది. తర్వాత కోర్టు కాగితాల్లో రాసిన లెక్క ప్రకారం ఆ దృశ్యం తెరమీద ఉన్నది సెకనులో 16వ వంతులు 9. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది.

తుది రిహార్సల్ అయిన తర్వాత అనుకున్న మార్పు అది, లోపల ఎర్ర లేసు వస్త్రం మిగలాలి, అదీ కలిసి ఊడివచ్చింది అని జానెట్ చెప్పింది. క్షమాపణ రాసి ఇచ్చింది. వీడియోలో కూడా చెప్పింది. టింబర్‌లేక్ మొదట నవ్వులాటగా మాట్లాడి, తర్వాత 'వార్డ్‌రోబ్ మాల్‌ఫంక్షన్' అన్నాడు. అంటే దుస్తులు మొరాయించాయట! లాగిన చెయ్యి ఆ మాటలో ఎక్కడా లేదు చూడండి. ఆ మాట నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది.

ఇక రభస. ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అధ్యక్షుడు మైకేల్ పావెల్ మర్నాడే విచారణకు ఆదేశించారు. పది రోజుల్లో అమెరికా కాంగ్రెస్‌లో విచారణలు జరిగాయి. కమిషన్‌కి 5 లక్షల 40 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో చాలా భాగం ఒకే మాదిరి అచ్చు ఉత్తరాలని సీబీఎస్ వాదించింది. అసలు విడ్డూరం వేరే ఉంది. టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకునే టివో యంత్రాలున్న ఇళ్ళలో, అప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసిన క్షణం అదేనని ఆ కంపెనీ ప్రకటించింది. చూడకూడనిది చూపించారని కోపం. అయినా మళ్ళీ వెనక్కి తిప్పి చూడడం. ఆ దృశ్యం ఇంటర్నెట్‌లో సులువుగా దొరకకపోవడం కూడా యూట్యూబ్ ఆలోచనకి ఒక కారణమని, దాన్ని స్థాపించిన ముగ్గురిలో ఒకరైన జావెద్ కరీం తర్వాత చెప్పారు.

ఆ సాయంత్రం ఇంకా ఏమేం జరిగాయో ఎవరూ తలచుకోరు. రెండో సగం ఆట మొదలయ్యే ముందు ఒక మగవాడు దాదాపు దిగంబరంగా మైదానంలోకి పరుగెత్తుకొచ్చి గంతులు వేశాడు. ఆటగాళ్ళు పడగొడితే పోలీసులు పట్టుకుపోయారు. కెమెరాలు పక్కకు తిరిగాయి, జనం నవ్వుకున్నారు, అంతటితో సరి. పురుషుల లైంగిక సామర్థ్యం పెంచే మందుల ప్రకటనలు అదే ఆట మధ్యలో, అదే పిల్లల ముందు వచ్చాయి. వాటికోసం కాంగ్రెస్ సమావేశం కాలేదు. ఆ ప్రకటనలకు డబ్బు వస్తుంది కదా మరి.

వారం తిరిగింది. ఫిబ్రవరి 8న గ్రామీ బహుమతుల సభ, అదీ సీబీఎస్‌లోనే. ఈసారి జాగ్రత్త కోసం ప్రసారాన్ని అయిదు నిమిషాలు ఆలస్యంగా నడిపారు. ఆ సభలో టింబర్‌లేక్ వేదికెక్కి, క్షమాపణ చెప్పి, రెండు బహుమతులు అందుకున్నాడు. పాల్గొనవలసి ఉన్న జానెట్ మాత్రం అక్కడ లేదు. డిస్నీవారి ఉద్యానవనంలో ఆమె పాత పాట వేషం వేసిన మిక్కీమౌస్ బొమ్మ ఒకటి ఉండేది. దాన్ని కూడా తీసేశారు! రేడియోలోనూ మ్యూజిక్ ఛానెళ్ళలోనూ ఆమె పాటలు తగ్గిపోయాయి. అంతకుముందు వరుసగా అయిదు ఆల్బములు మొదటి స్థానంలో నిలిచిన గాయని ఆమె. మార్చి నెలాఖరులో వచ్చిన కొత్త ఆల్బమ్ రెండో స్థానంలోనే ఆగింది. 2006లో టింబర్‌లేక్ కొత్త ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్ళింది. నిందలో తనకు పదోవంతే పడిందనీ, అమెరికా ఆడవాళ్ళ విషయంలో, నల్లవాళ్ళ విషయంలో ఎక్కువ కఠినంగా ఉంటుందనీ ఆ ఏడాది అతనే అన్నాడు. తెలిసింది, మంచిదే. తెలిసిన వెంటనే ఆమె పక్కన వచ్చి నిలబడి ఉంటే ఇంకా మంచిగా ఉండేది.

జానెట్‌కి అందులో ఏ పూచీ లేదని నేననడం లేదు. తెలిసి చేసిన ఏర్పాటే అనుకుందాం. అయినా చేసింది ఇద్దరు కాదూ? చెయ్యి వేసినది ఒకరు, వేయించుకున్నది ఒకరు. చూపించిన సంస్థ, లాభపడిన కంపెనీ ఉండనే ఉన్నాయి. నలుగురు పంచుకోవలసిన తప్పు ఒక్కరి నెత్తిన ఎందుకు పడింది? అదీ అడగవలసిన ప్రశ్న.

కోర్టు కథ చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2004 సెప్టెంబరులో సీబీఎస్ సొంత స్టేషన్లు 20కి ఒక్కొక్కదానికి 27,500 డాలర్ల చొప్పున మొత్తం 5 లక్షల 50 వేల డాలర్ల జరిమానా వేశారు. 2006 జూన్ 15న కొత్త చట్టం వచ్చి గరిష్ఠ జరిమానా 32,500 నుంచి 3 లక్షల 25 వేల డాలర్లకు, అంటే పది రెట్లు పెరిగింది. సీబీఎస్ ఊరుకోలేదు. ఫిలడెల్ఫియాలోని అప్పీలు కోర్టుకి వెళ్ళింది. ఇంత క్షణికమైన దృశ్యాలకు కమిషన్ ఎన్నో ఏళ్ళుగా జరిమానా వెయ్యలేదు, ముందు చెప్పకుండా విధానం మార్చడం చెల్లదు అని ఆ కోర్టు 2008లో తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు మళ్ళీ పరిశీలించమంది. 2011లోనూ అదే తీర్పు. 2012 జూన్ 29న సుప్రీంకోర్టు ఇక జోక్యం చేసుకోనంది. జరిమానా రద్దయింది.

చూశారా, కంపెనీకి వకీళ్ళున్నారు, అప్పీలుంది, చివరికి న్యాయం కూడా దొరికింది. ఆ ఆడమనిషికి పడిన శిక్ష ఏ కోర్టులోనూ వెయ్యలేదు గనుక, దాన్ని రద్దు చేయడానికి ఏ కోర్టూ లేదు. లోకనింద మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?

ఆ భయం చాలా దూరం పాకింది. ఆ వారంలోనే ఎన్‌బీసీవారి 'ఈఆర్' అనే ఆసుపత్రి ధారావాహికలో, వైద్యం చేయించుకుంటున్న 80 ఏళ్ళ వృద్ధురాలి రొమ్ము కనిపించే చిన్న దృశ్యాన్ని తీసేశారు. ఆమె రోగి. ప్రాణాపాయంలో ఉన్న మనిషి. డాక్టరు చూడవలసిన శరీరం కూడా బూతు అయిపోయింది. ఆ తర్వాత 2005 నుంచి 2010 దాకా సూపర్‌బౌల్ విరామంలో ప్రధాన గాయకులుగా వరుసగా మగవాళ్ళనే పిలిచారు. 2018 ఫిబ్రవరిలో ఆ వేదిక మీద మళ్ళీ పాడినది ఎవరో తెలుసా? టింబర్‌లేక్! ఆ మరుసటి ఏడాది, 2019లో, ఆడమ్ లెవీన్ అనే గాయకుడు అదే విరామ కార్యక్రమంలో చొక్కా విప్పేసి పాడాడు. జానెట్ సంగతి గుర్తుచేసి ఇదేం న్యాయమని అడిగినవాళ్ళు అడిగారు గానీ, జరిమానా లేదు, చట్టం మార్పూ లేదు.

నాడు విచారణకు ఆదేశించిన పావెల్ 2014లో, తన ఆగ్రహంలో కొంత నటన ఉందనీ, అంతా జానెట్ మీదికే పోవడం అన్యాయమనీ ఒప్పుకున్నారు. 2004లో సీబీఎస్‌కి అధిపతిగా ఉన్న లెస్ మూన్వెస్ మీద 2018లో పలువురు మహిళలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన వాటిని ఖండించారు గానీ ఆ సెప్టెంబరులో పదవి వదులుకోవలసి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో టింబర్‌లేక్ జానెట్‌కి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. పదిహేడేళ్ళు పట్టింది. ఆమె మాత్రం మధ్యలో కూర్చుని ఏడవలేదు. 2008లో ఒకసారి, 2015లో ఒకసారి మళ్ళీ మొదటి స్థానానికి పాడుకుంటూ వచ్చింది.

మరి మనకేమిటి ఇందులో? పిల్లలున్న ఇంట్లో ఏది చూడాలి, ఏది చూడకూడదు అన్నది తల్లిగా మనం నిర్ణయించుకోవలసినదే. నచ్చకపోతే కట్టేద్దాం. అందులో నాకు రెండో మాట లేదు. కానీ కట్టేసిన తర్వాత పిల్లలు మన నోటినుంచి వినే మొదటి మాట ఏమిటి? "ఆ పిల్లకి సిగ్గులేదు" అన్నదేనా? ఆ దృశ్యం రాసినవాడు, తీసినవాడు, పక్కన నటించినవాడు, డబ్బు చేసుకున్నవాడు మన తిట్టులోంచి ఎలా తప్పించుకుంటున్నారు? ఆ మాట మన కూతురు వింటుంది, ఏ తప్పు జరిగినా తనకే చుట్టుకుంటుందని నేర్చుకుంటుంది. మన కొడుకూ వింటాడు, తనకేమీ అంటదని నేర్చుకుంటాడు.

ఆకుకి జాగ్రత్త చెప్పడం తరతరాలుగా చేస్తూనే ఉన్నాం. ఇకమీదట ఆ సామెత ఆడపిల్లకి చెప్పేటప్పుడు మగపిల్లవాణ్ణి కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టండి. ముల్లు కూడా వినవలసిన మాట అది.

సెలవు.