స్లాబు ముందొచ్చింది, గ్యాసు తరవాతొచ్చింది

కోనసీమలో మండువా లోగిళ్లు కట్టినవాళ్లకు గాలి సంగతి బాగా తెలుసు. నాలుగు వైపులా గదులు, నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, దానిలోకి వాలిన పెంకుటి కప్పులు. లోపలి వేడిగాలి మండువాలోంచి పైకి పోతుంటే వీధి గుమ్మం నుంచీ పెరటి గుమ్మం నుంచీ చల్లగాలి వచ్చేది. అంత ఇంట్లోనూ గాలాడని చోటు ఒక్కటే, వంటిల్లు. మడి పేరు చెప్పి దాన్ని వెనక మూలకు నెట్టి, చిన్న కిటికీ ఒకటి పెట్టేవారు. మా మామ్మ బతుకంతా ఆ మూలలోనే గడిచింది.

మా వైపు వంటచెరకు అంటే కొబ్బరి మట్టలు, డొక్కలు, ఊక, పిడకలు, సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చే సరుగుడు. గోదారికి వరదొస్తే కొట్టుకొచ్చిన దుంగల్ని పడవలేసుకెళ్లి పట్టి ఒడ్డుకు లాగేవారు. ఎండాకాలం ఫర్వాలేదు. ముసురు పట్టిందంటే చెమ్మెక్కిన డొక్క మంటనందుకోదు, పొగ కక్కుతుంది. మామ్మ ఊదుగొట్టం పట్టుకుని, ముఖం పొయ్యి దాకా వంచి ఊదేది. పక్కకు తిరిగి దగ్గేది. కొంగుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ ఊదేది. పైన దూలాలు తారు పూసినట్టు నల్లగా మెరిసేవి. వేలు పెడితే మసి జిగటగా అంటుకునేది. పొగచూరిన దూలానికి చెదపట్టదనీ, తాటాకుకు పురుగు పట్టదనీ పెద్దలు మెచ్చుకునేవారు. అందులో నిజముంది. కానీ అదే పొగ మామ్మ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తోందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ‘ఆవిడకి ఉబ్బసం’ అనేసి ఊరుకున్నారు.

మగవాళ్ల పొగ సంగతి వేరు. గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన చుట్టకు ఇంగ్లండు దాకా పేరుండేది. 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో కానన్ డాయిల్ లంక చుట్టను ప్రస్తావించాడు. ఆ చుట్ట కాల్చుకోవడానికి వీధి అరుగుండేది, ఏటిగాలి ఉండేది. ఆడవాళ్ల పొగకు నాలుగు గోడలు.

ఇక పురిటి గది. తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, చెవుల్లో దూది పెట్టుకున్న బాలింత పడుకున్న నులక మంచం కింద కుంపటి పెట్టేవారు. దాని మీద సాంబ్రాణి, వెల్లుల్లి పొట్టు. పుట్టి పదిరోజులు కాని బిడ్డ కూడా ఆ గాలే పీల్చేది. ప్రేమతో చేసే పనే, కాదనను. అయితే మూసిన గదిలో నిప్పులుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. బళ్లో సైన్సు చెప్పిన ఏళ్లన్నిటా ఈ పాఠం వచ్చినప్పుడు నేను పుస్తకం పక్కనపెట్టి పురిటి గది గురించే చెప్పేదాన్ని.

రాజమండ్రిలో ఇంకో రకం పొయ్యి. కలప అడితీలున్న ఊరు కనుక రంపపు పొట్టు చవక. రేకు పొయ్యి నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దిమ్మిసకొట్టినట్టు కూరి, సీసాను మెల్లగా తిప్పుతూ లాగేస్తే మధ్యలో గొట్టంలా ఖాళీ మిగులుతుంది. కింద నిప్పంటిస్తే గంటల తరబడి నిదానంగా కాలుతుంది. కూరడం సరిగ్గా కుదరకపోతే వాటా అంతా పొగే.

పొగకు దారి చూపాలని ఆలోచించినవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితోనే కట్టుకోదగ్గ పొగలేని పొయ్యిని రూపొందించారు. ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు ఎక్కించవచ్చు, పొగ గొట్టంలోంచి కప్పు దాటిపోతుంది. దాని గురించి ఆయన రాసిన పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. మన తెలుగు నేల మీద జరిగిన ఈ పనిని ప్రతి బళ్లోనూ చెప్పాలని నా కోరిక. కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకాన్ని 1980ల మొదట్లో దేశమంతా మొదలుపెట్టి, 2002 దాకా నడిపింది. పొయ్యి కట్టించి ఇవ్వడంతో పని అయిపోదు. గొట్టంలో మసి పేరుకుంటే పొగ వెనక్కి తంతుంది, దాన్ని నెలనెలా దులపాలి. తాటాకు కప్పులోంచి వేడి గొట్టం పైకి తీయాలంటే ఎవరికైనా గుండె దడే. చాలాచోట్ల గొట్టం విరిగాక మళ్లీ పాత పొయ్యే వెలిగింది.

ఈలోగా కప్పులు మారాయి. వేసవిలో నిప్పురవ్వ పడితే పేటకు పేట తగలబడే తాటాకిళ్లు, తుపానుకు ఎగిరిపోయే కప్పులు... స్లాబు కావాలనుకోవడంలో తప్పేముంది? 1996 నవంబరు 6న తుపాను విరుచుకుపడిన రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లెవరూ తాటాకు కప్పును మెచ్చుకోరు. పక్కా ఇళ్ల పథకాలతో, గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బుతో డాబాలు లేచాయి. పెద్దవాళ్లు మండువా పడగొట్టి స్లాబు పోశారు. పేదవాళ్లకు ఒక గది, ఒక వరండా దక్కాయి. వానాకాలం పొయ్యి ఆ గదిలోకే వచ్చింది. ఆకు సందుల్లోంచి పొగ కొంతైనా పోయేది, స్లాబు పోనివ్వదు. స్లాబు ముందొచ్చింది, గ్యాసు తరవాతొచ్చింది. ఆ మధ్య ఏళ్ల పొగ అంతా ఒక తరం ఆడవాళ్లే మింగారు.

1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. మా కాళ్ల కింద అంత గ్యాసుంటే, ఆ చుట్టుపక్కల ఊళ్లలో పిడకల మీద అన్నం ఉడికేది. 1999లో డ్వాక్రా మహిళలకు ‘దీపం’ పథకం కింద గ్యాసు కనెక్షన్లు వచ్చాయి. బండ అయిపోయాక మళ్లీ నింపించుకోలేక మూలన పెట్టినవాళ్లు ఎందరో.

ఇప్పుడు మా వీధిలో దాదాపు అందరికీ గ్యాసుంది. అయినా సాయంత్రం అయిదయ్యేసరికి కిటికీలన్నీ మూసేస్తారు, దోమలు మరి. కాలవలు, బోదెలు, కొబ్బరితోటల నేల; బోదకాలు చూసిన నేల. మూసిన గదిలో దోమల చక్రం వెలిగిస్తారు. ఒక్క చక్రం కాలితే వచ్చే సన్నటి రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పెట్టున ఉంటాయని 2003లో అచ్చయిన పరిశోధన చెబుతోంది. నా మట్టుకు కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర, అంతే. తాలింపు వేసేటప్పుడు ఎగ్జాస్టు ఫ్యాను తిరగాల్సిందే, ఎదుటి కిటికీ తెరవాల్సిందే. వానాకాలం తరవాత బీరువాను గోడ నుంచి జానెడు జరుపుతాను, లేకపోతే వెనక నల్లటి బూజు పడుతుంది. పాత సున్నపు గోడ చెమ్మను పీల్చి, ఎండకు వదిలేసేది. పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు పూసిన గోడలో చెమ్మ లోపలే నిలుస్తుంది.

2020లో వంటింటి పొగ ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది ప్రాణాలు తీసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2024 దీపావళి నుంచి రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి 3 బండలు ఉచితం. కాలవగట్టు ఇళ్లలో ఆ మూడూ ఏడాది పొడుగునా రావు. అందుకే అక్కడ ఇప్పటికీ వరండా మూల ఎండుడొక్కల మోపు కనిపిస్తుంది. నాలుగో బండ కొనలేని ఇంటికి గొట్టం పొయ్యి అయినా ఉండాలి. ఇల్లు మంజూరు చేసే కాగితంలోనే ఎదురెదురు గోడలకు రెండు కిటికీలుండాలని రాసి ఉండాలి.