ఉలవలును బూడిదదిబ్బలును

మా బడంగ్‌పేటలో నేను పాఠము చెప్పు తరగతియం దొక బాలుఁడు మధ్యాహ్నభోజనమునకు ఉలవగుగ్గిళ్లు తెచ్చుకొనెను. తోడివారు పశువుల దాణా యని నవ్విరి. బాలుఁడు తినక డబ్బా మూసికొనెను. ఆ నవ్వునకుఁ బ్రత్యుత్తరము భూగర్భమునఁ గలదు.

హైదరాబాదునకు దక్షిణముగా, కృష్ణా తుంగభద్రా ప్రాంతములందు పెద్ద బూడిదదిబ్బలు పెక్కు లున్నవి. హంపి చెంత నింబాపురమందలి దిబ్బను జనులు వాలి చితాభస్మ మందురు. పూర్వపు మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరు దిబ్బను 1957లో ఆల్చిన్ అను ఆంగ్లపండితుఁడు త్రవ్వించెను. అందు పశువుల దొడ్లకు నాటిన గుంజల గుఱుతులును, గిట్టల ముద్రలును గనఁబడినవి. ఆ బూడిద నాలుగువేల యేండ్లకుఁ బూర్వమే పశుపాలకులు పోగుచేసి పలుమాఱు కాల్చిన పేడ.

వారి విందుల జాడ కర్ణాటకమున షోరాపూరు సీమలోని బూదిహాళునఁ దెలియవచ్చినది. గత శతాబ్ది చివరిభాగమున కట్రగడ్డ పద్దయ్యగా రచ్చట త్రవ్వకములు జరపి, పశువులను గోయుటకుఁ బ్రత్యేకించిన యొక స్థలమును గనుగొనిరి. గొడ్ల యెముకలును రాతిపనిముట్లును అచ్చట నొక్కచోటనే యున్నవి. ఒక యెద్దు మాంసము ఒక కుటుంబము తినఁగలది కాదు. ఊరెల్లఁ గూడి తినిన విందులకే అచ్చటఁ బశువులను గోసిరని తలంచుట యుక్తము.

ఇఁక ధాన్యముల మాట. ప్రాచీనగ్రామముల మన్ను నీటఁ గలిపినచో, మాడిన గింజలు పైకిఁ దేలును. ఇట్లు కడప, కర్నూలు, బళ్లారి మండలముల మన్ను పరీక్షించిన ఫుల్లరు మున్నగువారికి ముఖ్యముగా దొరకినవి ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు. మనము శ్రేష్ఠమని యెంచు వరి యీ మొదటి పంటలలో లేదు.

కాఁబట్టి దక్షిణాపథమునఁ దొలుత సేద్యము చేసినవారి యాహారము, నేఁడు మనము హీనమని ముక్కు విఱుచు గింజలును, కొందఱిని దూరముంచుటకు సాకుగాఁ జూపు మాంసమును. ఆహారమునుబట్టి మనుష్యుని హెచ్చుతగ్గులు నిర్ణయించుట అనాదిసిద్ధ మనువారు ఈ దిబ్బల సాక్ష్యము వినవలెను.

మఱునాఁడు తరగతిలో నీ కథ చెప్పితిని. పిల్లలు శ్రద్ధతో వినిరి. కాని యొక్కమాట గృహస్థులకు విన్నవింతును: ఆ నవ్వును బాలురు బడిలో నేర్వలేదు, మన వంటయిండ్లలో, మన పంక్తులలో నేర్చిరి. దానిని మాన్పవలసిన చోటును అదియే.