బురదలో పొత్తు: సహపోషణ భావన పరిణామం

గాలి చొరబడని చోట ఆకులు, గడ్డి, పేడ కుళ్ళి మీథేన్ వాయువుగా మారే క్రమాన్ని ఏ ఒక్క సూక్ష్మజీవీ మొదటి నుంచి చివరి దాకా నడపదని, ఒక జాతి విసర్జించినదాన్ని మరొక జాతి ఆహారంగా స్వీకరిస్తూ ఆ పనిని పంచుకుంటాయని నేటి జీవశాస్త్రం గుర్తించింది. ఈ పొత్తునే సహపోషణ అంటారు. దీన్ని గ్రహించడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

1776లో ఇటలీకి చెందిన అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు అంచున బురదను కర్రతో కదిపి, పైకి లేచిన బుడగలను పట్టి, అది మండే వాయువని చూపాడు. ఆ వాయువు సూక్ష్మజీవుల వల్ల పుడుతోందని 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో తేలగా, 1906లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో సోంగెన్ అనే శాస్త్రవేత్త హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లను కలిపి మీథేన్‌ను తయారుచేయగల సూక్ష్మజీవులున్నాయని నిరూపించాడు.

అప్పటికి సూక్ష్మజీవశాస్త్రంలో రాబర్ట్ కోఖ్ స్థిరపరచిన శుద్ధవర్ధన పద్ధతి, అంటే ఒకే జాతిని ఇతర జాతుల నుంచి వేరుచేసి పెంచే పద్ధతి, ప్రమాణంగా నిలిచింది. ఆ దృష్టితోనే 1940లో హెచ్.ఎ. బార్కర్ ఇథైల్ ఆల్కహాల్‌ను ఎసిటేట్‌గా, మీథేన్‌గా మార్చే ఒక వర్ధనాన్ని ఒకే జీవిగా వర్ణించగా, రష్యన్ శాస్త్రవేత్త ఒమెల్యాన్‌స్కీ పేరు పెట్టిన ఆ జీవి పాతికేళ్ళకు పైగా శాస్త్రగ్రంథాల్లో ఒకే జాతిగా కొనసాగింది.

1967లో అమెరికాలోని ఇలినాయ్‌లో మార్విన్ బ్రయంట్, ఆయన సహచరులు ఆ వర్ధనంలో రెండు జాతులున్నాయని వెల్లడించారు. హైడ్రోజన్ అందించి పెంచినప్పుడు వేరుపడిన జీవి మీథేన్‌ను ఇచ్చిందే గాని ఆల్కహాల్‌ను ముట్టలేదు. ‘ఎస్’ అని పిలిచిన రెండో జీవి ఆల్కహాల్‌ను ఎసిటేట్‌గా, హైడ్రోజన్‌గా విడగొట్టినా, తాను వెలువరించిన హైడ్రోజన్ పేరుకునే కొద్దీ ఎదుగుదల మందగించి ఆగిపోయేది. ఇందుకు కారణం శక్తి లెక్కలోనే ఉంది. హైడ్రోజన్ పీడనం హెచ్చుగా ఉంటే ఆ చర్య శక్తిని ఇవ్వదు. మీథేన్‌కారి జీవి దాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తూ పీడనాన్ని అతి తక్కువగా ఉంచితేనే ‘ఎస్’ జీవికి బతుకుతెరువు దొరుకుతుంది. కాబట్టి ఇక్కడ తాను వదిలిన హైడ్రోజన్‌ను మరో జీవి వాడుకోవడమే ‘ఎస్’ జీవి మనుగడకు షరతు.

ఆ తర్వాత బ్యుటిరేట్, ప్రొపియోనేట్ వంటి కొవ్వు ఆమ్లాలను విడగొట్టే జాతులూ ఇటువంటి తోడు మీదే ఆధారపడతాయని వెల్లడైంది. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ జన్యు ఆధారాలతో మీథేన్‌కారులు బ్యాక్టీరియా కన్నా భిన్నమైన వంశానికి చెందినవని చూపడంతో, ఈ పొత్తు రెండు సుదూర జీవవంశాల మధ్య సాగుతోందని అర్థమైంది. 2010లో జియోబాక్టర్ అనే బ్యాక్టీరియా జాతులపై జరిగిన పరిశోధన, హైడ్రోజన్ మధ్యవర్తిత్వం లేకుండానే ఎలక్ట్రాన్లు ఒక కణం నుంచి మరో కణానికి నేరుగా చేరగలవని చూపింది.

గోబర్ గ్యాస్ తొట్టిలో ఒక్కసారిగా ఎక్కువ ముడిపదార్థం వేస్తే ఆమ్లాలు పేరుకుని గ్యాస్ తగ్గిపోవడానికి కారణం, ఆమ్లాలను పుట్టించే జాతుల వేగాన్ని వాటిని వాడుకునే జాతులు అందుకోలేకపోవడమే. కుళ్ళడాన్ని అర్థం చేసుకోవాలంటే జీవులను వేరుచేసి చూడటంతో పాటు, వాటి మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాన్నీ పరిశీలించాలని ఈ చరిత్ర స్పష్టంగా నిరూపిస్తోంది.