ఊరి కావలికి కావలి

హైదరాబాదు నగరమునుండి పడమరగా విజాపురమునకు పోవు బాట మర్రిచెట్లకు పేరు పొందినది. మొయినాబాదు, చేవెళ్ల ఈ బాటమీదనే యున్నవి. ఈ చెట్లక్రింద బండ్లవారు, సంతకు పోవువారు, కూలి వెదకుచు వచ్చినవారు, ఏ యూరును తమది కానివారు ఎందరో తలదాచుకొనిరి. చెట్టునీడకు పట్టా అక్కఱలేదు. కాని ప్రొద్దు గ్రుంకినపిమ్మట ఊరిలో అడుగు పెట్టిన కొత్తవాడు ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలసియుండెను: "ఎవరు నీవు? ఎక్కడివాడవు?" ఈ ప్రశ్న వేయు అధికారము ఎవరి చేతిలో నుండెను, ఆ అధికారము తాను ఎవరికి జవాబు చెప్పుచుండెను అను చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచితిమి.

కావలి మన గ్రామములలో మిక్కిలి పాత వృత్తి. తలారి ఊరి పొలిమేరలను, బాటలను, మనుష్యులను ఎఱిగినవాడు. రాత్రి గస్తీ తిరుగుట, కొత్తవారిని కనిపెట్టియుండుట, దొంగల జాడ తీయుట అతని పనులు. దక్షిణదేశమున పలుచోట్ల ఒక కట్టుబాటుండెను. దొంగ అడుగుజాడలను పొలిమేరవఱకు పట్టి చూపినచో, ఆపైని బాధ్యత ప్రక్కయూరి కావలివానిది. చూపలేనిచో పోయిన సొత్తునకు తానే పూచీ పడవలెను. అతనికి జీతము సర్కారు ఖజానానుండి వచ్చునది కాదు. కొంత ఇనాము భూమి, కళ్లమువద్ద రైతులు కొలిచి యిచ్చు మేర, ఇవియే అతని బ్రతుకుతెరువు. మేర కొలుచువాడు కావలి ఎట్లున్నదని అడుగగలడు. ఊరు కావలివానిపై ఉంచిన అదుపు ఇదియే.

అయితే ఆ యదుపు కళ్లము గలవారిది మాత్రమే. భూమి లేనివాడు మేర కొలువలేదు కనుక ప్రశ్నింపనులేదు. ఇల్లు లేని బాటసారి సంగతి చెప్పనక్కఱలేదు. అతనిని కనిపెట్టుటకు కావలి యుండెను గాని అతని మొఱ వినుటకు కాదు. ఇక కావలివాడు సైతము చాలచోట్ల అణగద్రొక్కబడిన కులములవాడే. ఊరిని కాచువాడే ఊరివారికి వెట్టి చేయుచుండెను.

1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్ జంగు నిజాం రాజ్యపాలనను తిరుగ కట్టుదిట్టము చేసెను. 1865లో జిలాబందీ యను పేర రాజ్యమును జిల్లాలుగా విభజించెను. కోత్వాలీ శాఖ జిల్లాలకు విస్తరించెను. గ్రామమున మాలీపటేలు శిస్తు వసూలును, పోలీసుపటేలు శాంతిభద్రతలను, పట్వారీ లెక్కలను చూచుచుండిరి. ఈ పదవులు వంశపారంపర్యములు. కావలివారు పోలీసుపటేలు చేతిక్రిందికి వచ్చిరి. పోలీసుపటేలు ఠాణాలోని అమీనుకు జవాబుదారు; అమీను తన పైవారికి జవాబుదారు. జవాబు చెప్పుట ఊరినుండి పైకే సాగెను గాని, ఊరివైపునకు మరలలేదు.

ఈ యధికారమునకు పీఠము ఊరి చావడి. పటేలు కూర్చుండి పంచాయితీ చేయునది అచ్చటనే. పట్టుబడిన వానిని నిలువబెట్టునది అచ్చటనే. ఇల్లు లేని పరదేశి రాత్రి పండుకొనునదియు అచ్చటనే. ఒకే కప్పు ఆశ్రయమునకును అనుమానమునకును నీడయ్యెను. చావడిలో నిదురించువానిని అతిథిగా చూచుటయో, అనుమానితునిగా చూచుటయో పటేలు ఇష్టము.

ఈ యిష్టమును మొదట ప్రశ్నించినవారు తెలంగాణములోని ప్రజాసంఘములవారు. 1921లో ఆరంభమైన ఆంధ్ర జనసంఘము వెట్టిచాకిరిని ఖండించెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. 1936లో షాద్‌నగరు మహాసభకు అధ్యక్షులైన కొండా వెంకట రంగారెడ్డిగారు మన మొయినాబాదు ప్రాంతమువారే. వారి జన్మస్థలము పెద్దమంగళారము. 1978లో ఏర్పడిన జిల్లాకు వారి పేరే పెట్టబడెను. ఊరి అధికారి ప్రజలకు జవాబుదారు కావలెనను మాట ఈ నేలకు క్రొత్తది కాదని చెప్పుటకే ఈ సంగతి ఎత్తితిమి.

ఇక ఇల్లు లేనివారి సంగతి. బ్రిటిషువారు 1871లో నేరజాతుల చట్టము చేసిరి. 1911 చట్టము మద్రాసు రాజధానికిని వర్తించెను. స్థిరనివాసము లేక ఉప్పు, ధాన్యము మోసికొని ఊరూరు తిరిగిన ఎరుకలవంటివారు పుట్టుకచేతనే నేరస్థులుగా ఎంచబడిరి. బాపట్లకు చేరువనున్న స్టూవర్టుపురమువంటి సెటిల్మెంట్లలో వారిని ఉంచి, హాజరు పట్టిక పిలుచుచుండిరి; అనుమతిచీటీ లేనిదే కదలనీయకుండిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ చట్టమును విచారించిన సంఘమునకు అధ్యక్షులు తిరుపతి ప్రాంతమువారైన మాడభూషి అనంతశయనము అయ్యంగారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయ్యెను. కాని ఇల్లు లేకుండుటయే నేరమునకు గుర్తు అను తలంపు ఒక్కదినమున పోవునది కాదు.

ఈ తలంపు ఎంత నిరాధారమో 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరద చూపెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అసంఖ్యాకముగా కుటుంబములు ఒక్క రాత్రిలో వీధిపాలయ్యెను. ఆనాడు ఇల్లు లేనివారిని "ఎవరు నీవు" అని నిలదీసినవారు లేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాను తన భవనముల తలుపులు వారికి తెరపించెను. గంజికేంద్రములు వెలసెను. నగర పునర్నిర్మాణమునకు ప్రత్యేకముగా ఒక బోర్డు ఏర్పడెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలపై మూసీనదిమీద 1920లో ఉస్మాన్‌సాగరు, ఈసీనదిమీద 1927లో హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. నేటికిని మొయినాబాదు పొలములు ఈ రెండు జలాశయముల నడుమనే యున్నవి. నిరాశ్రయులు వేలకొలదిగా నున్నపుడు రాజ్యము ఆనకట్టలు కట్టెను; ఒక్కడుగా నున్నపుడు కావలివానిని పంపెను. భేదము ఆ మనుష్యునిలో లేదు, చూచువారి కన్నులో నున్నది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా పటేలు, పట్వారీ పదవులను రద్దు చేసెను. మరుసటి యేట సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించెను. పటేలు పెత్తనమునకు కంట తడి పెట్టినవారు అరుదు. అయితే ఊరిలో నున్న కావలి యధికారము పూర్తిగా ఠాణాకు చేరెను. దానిని అడుగు హక్కు ఎవరికి చేరెను? 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 విషయములను సూచించెను. గ్రామీణ గృహనిర్మాణము అందొకటి. పోలీసు అందు లేదు. పట్టణములకై చేసిన 74వ సవరణలోని 18 విషయములలోను పోలీసు లేదు. ఇల్లు కట్టించు మాట ఊరి చేతికి వచ్చెను, కావలిని అడుగు మాట రాలేదు.

న్యాయస్థానములు ఈ వెలితిని కొంత పూరింపజూచినవి. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్‌సింగు వ్యాజ్యములో సుప్రీంకోర్టు, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రస్థాయిలోను జిల్లాస్థాయిలోను ప్రత్యేకాధికార సంస్థలను నెలకొల్పవలెనని ఆదేశించెను. 2010లో అదే న్యాయస్థానము పట్టణములలో లక్ష జనాభాకు ఒకటిచొప్పున ఇల్లు లేనివారికి ఆశ్రయగృహము ఉండవలెనని చెప్పెను. ఒకటి కావలికి కావలి, మరియొకటి తలదాచుకొను చోటు. మర్రిచెట్లక్రింది మనుష్యునికి ఈ రెండును కావలెను.

కొందఱు ఇచ్చట ఒక సందేహము వెలిబుచ్చుదురు. ఊరివారికే పోలీసులపై అదుపు ఇచ్చినచో మరల పటేళ్ల కాలమే వచ్చునేమో యని. ఈ సందేహము త్రోసివేయదగినది కాదు. పాత కళ్లము చెప్పిన పాఠమదియే: ఇల్లు, పొలము గలవారు మాత్రమే కూర్చుండి నడపు కావలి, ఇల్లు లేనివానిని కాపాడుటకు బదులు అతనినే కనిపెట్టుచుండును. కావున ఊరు అడుగవలెనా వద్దా యనునది ప్రశ్న కాదు. ఊరు అనగా ఎవరు అనునదే ప్రశ్న.

2025లో చేవెళ్ల, మొయినాబాదు పురపాలక సంఘములుగా మారినవి. చావడులున్న ఊళ్లు పట్టణములగుచున్నవి. ఇటుకబట్టీలకు, కట్టడపుపనులకు దూరదేశములనుండి వచ్చినవారు గుడారములలోను, అరుగులపైనను రాత్రులు గడపుదురు. వారికి ఇచ్చట ఓటు లేకపోవచ్చును, పట్టా లేకపోవచ్చును. అయినను ఠాణాపై జరుగు విచారణలో వారి మాటకును చోటుండవలెను. లాఠీ మొదట తగులునది ఆరుబయట నిదురించువానికే. కావలి బాగుగా నున్నదో లేదో చెప్పగల మొదటి సాక్షియు అతడే. అతనిని అడుగక వ్రాసిన లెక్క పట్వారీ కాలపు లెక్కవలె పైవారికి మాత్రమే చదువ వచ్చును.