విచ్‌క్రాఫ్ట్ (బి-24 లిబరేటర్ బాంబర్)

రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా భారీ బాంబర్. కన్సాలిడేటెడ్ సంస్థ రూపొందించిన ఈ రకం విమానాలు 18 వేలకు పైగా తయారయ్యాయి. విచ్‌క్రాఫ్ట్ 1944లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ కర్మాగారంలో తయారై, బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరింది.

దీని కథలో అసలు మలుపు కాన్పూరులో ఉంది. యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వారు అక్కడి డిపోలో విచ్‌క్రాఫ్ట్ సహా పదుల కొద్దీ లిబరేటర్లను మళ్లీ ఎగరకుండా పాడుచేసి వదిలేశారు. స్వాతంత్ర్యం వచ్చాక బాంబర్ల అవసరం పడిన భారత్ ఆ తుక్కు కుప్పనే ఆశ్రయించింది. ఎగరగలిగే స్థితికి తెచ్చిన ఒక్కో విమానాన్నీ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ పైలట్ జంషెడ్ మున్షీ బెంగళూరుకు నడిపారు. అరకొర మరమ్మతుతో అంత దూరం ఎగరడం మామూలు సాహసం కాదు. బెంగళూరులో పూర్తిగా బాగుచేసిన విమానాలతో 1948 నవంబరులో భారత వైమానిక దళంలో 5వ స్క్వాడ్రన్ ఏర్పడింది. తర్వాత 6వ స్క్వాడ్రన్ వీటితో సముద్రంపై నిఘా వేసింది. 1968లో లిబరేటర్లు సేవల నుంచి తప్పుకున్నాయి.

ఆ తర్వాత చాలాకాలం మూలపడి ఉన్న విచ్‌క్రాఫ్ట్‌ను 1980ల తొలినాళ్లలో ఒక బ్రిటిష్ సేకర్త కొన్నాడు. 1984లో అది అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్ చేతికి వచ్చింది. ఫ్లోరిడాలోని కిసిమ్మీలో భాగాలుగా విడదీసి పునరుద్ధరించాక 1989లో మళ్లీ ఎగిరింది. మొదట ‘ఆల్ అమెరికన్’ అని, ఆ తర్వాత మరో పేరుతోనూ పిలిచి, 2005లో ప్రస్తుత పేరు పెట్టారు. దీని తోటి లిబరేటర్ ఒకటి ఢిల్లీలోని పాలం వైమానిక దళ మ్యూజియంలో ఉంది.